పరుగు షూ: మూడు హామీలు, ఒక పాదం

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో పెద్ద స్పోర్ట్స్ షాపుకు వెళ్లి రన్నింగ్ షూ అరల ముందు నిలబడితే ముందుగా కంగారు పెట్టేది ధరల తేడా. ఒక కొసన రెండు వేల రూపాయల జత, ఇంకో కొసన ఇరవై వేలు దాటిన జత. బజారు వీధిలో ఏడెనిమిది వందలకే దొరికేవి వేరే ఉన్నాయి. పైపైన చూస్తే అన్నింటి తయారీ ఒకటే: కింద రబ్బరు, మధ్యలో ఫోమ్, పైన వల లాంటి బట్ట. “సార్, ఇది న్యూట్రల్, ఇది స్టెబిలిటీ, దీంట్లో కార్బన్ ప్లేట్ ఉంటుంది” అని షాపు కుర్రాడు గడగడా చెప్పుకుపోతుంటాడు. కొనడానికి వచ్చిన మనిషికి తెలియాల్సింది మాత్రం ఒక్కటే. పది రెట్లు డబ్బు పెడితే కాలికి అదనంగా దక్కేదేమిటి?

గత యాభై ఏళ్లలో షూ పరిశ్రమ రన్నర్లకు మూడు హామీలిచ్చింది. గాయాలు కాకుండా కాపాడతామన్నది మొదటిది. ఉత్తకాళ్లతో పరిగెత్తినంత సహజంగా పరిగెత్తిస్తామన్నది రెండోది. వేగం పెంచుతామన్నది మూడోది. పరిశోధన ముందు గట్టిగా నిలబడింది మూడోదొక్కటే. చిత్రమేమిటంటే, షూ కొనేవాళ్లలో ఎక్కువమందికి పెద్దగా అక్కర్లేనిదీ అదే.

మొదటి హామీకి పుట్టిల్లు అమెరికా. ఆరిగన్ విశ్వవిద్యాలయం అథ్లెటిక్స్ కోచ్ బిల్ బోవర్‌మన్, ఆయన శిష్యుడు ఫిల్ నైట్ కలిసి 1964లో జపాన్ నుంచి ఒనిట్సుకా టైగర్ షూ తెప్పించి అమ్మే చిన్న వ్యాపారం మొదలుపెట్టారు. అదే తర్వాత నైకీ అయింది. 1971లో బోవర్‌మన్ ఇంట్లోని వాఫిల్ పెనంలో రసాయనం పోసి గళ్ల సోల్ తయారుచేయబోయి పెనాన్ని పాడుచేసిన సంగతి పరిశ్రమలో పురాణమైపోయింది. ఆ దశాబ్దంలో అమెరికాకు జాగింగ్ పిచ్చి పట్టింది. అప్పటిదాకా కుర్చీలకు అతుక్కుపోయిన లక్షల మంది ఒక్కసారిగా రోడ్డెక్కారు, మోకాళ్లు పట్టుకుని డాక్టర్ల దగ్గరికి వచ్చారు. దానికి పరిశ్రమ చెప్పిన జవాబు ఈవీఏ అనే తేలికపాటి ఫోమ్, మడమ కింద మందపాటి దిండు, వాటితోపాటు ప్రొనేషన్ సిద్ధాంతం.

అడుగు నేలను తాకాక పాదం కొద్దిగా లోపలికి ఒరుగుతుంది. దాన్నే ప్రొనేషన్ అంటారు. అది నడకలో సహజమైన భాగమే. మోతాదు మించి ఒరిగితే మాత్రం మోకాలికీ పిక్కకూ చేటని అప్పటి ఊహ. దాని మీద ఒక మొత్తం అమ్మకాల పద్ధతే లేచింది. తడి కాలితో కాగితం మీద నిలబడమంటారు. ముద్ర నిండుగా పడితే చదును పాదం, ఒరుగును అడ్డుకునే మోషన్ కంట్రోల్ షూ తీసుకోవాలి. మధ్యలో సన్నగా పడితే వంపు ఎక్కువ, మెత్తటి న్యూట్రల్ షూ తీసుకోవాలి. రెండూ కాకపోతే స్టెబిలిటీ. ఇప్పుడు కాగితం స్థానంలోకి ట్రెడ్‌మిల్లు, వీడియో కెమెరా, రంగురంగుల స్కానర్ వచ్చాయి. వెనకాల తర్కం మాత్రం అదే తడి ముద్ర.

ఈ తర్కాన్ని నిజంగా పరీక్షించే అవకాశం ఎక్కువగా ఉన్నది సైన్యానికి. అక్కడ వేల మంది కుర్రాళ్లు ఒకే తిండి తిని ఒకే శిక్షణ పొందుతారు. 2009, 2010 సంవత్సరాల్లో అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాల్లో చేరినవాళ్ల మీద జోసెఫ్ నాపిక్ బృందం చేసిన అధ్యయనాలు వెలువడ్డాయి. ఒక గుంపుకు అరికాలి ఆకారాన్ని బట్టి షూ ఇచ్చారు. రెండో గుంపుకు పాదం ఎలా ఉన్నా అందరికీ ఒకే రకం ఇచ్చారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2014లో డెన్మార్క్ పరిశోధకులు 927 మంది కొత్త రన్నర్లకు ఒకే న్యూట్రల్ షూ తొడిగి ఏడాదిపాటు గమనించారు. లోపలికి ఒరిగే పాదాల వాళ్లకు గాయాలు ఎక్కువేం కాలేదు.

అలాగని కథ అంతటితో తెగిపోలేదు. లక్సెంబర్గ్‌లో లారాన్ మాలిసూ బృందం 2016లో 372 మందితో చేసిన పరీక్షలో, పాదం బాగా లోపలికి ఒరిగేవాళ్లకు మోషన్ కంట్రోల్ షూ కొంత మేలు చేసినట్టు కనబడింది. అదే బృందం 2020లో 848 మందికి, చూడటానికి ఒకేలా ఉండే షూలను ఒక సగానికి మెత్తటివి, ఇంకో సగానికి గట్టివి ఇచ్చింది. గట్టివి తొడిగినవాళ్లకు గాయాల ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇక్కడ ఊహకు అందని మలుపొకటి ఉంది. మెత్తదనం వల్ల లాభపడింది తేలికపాటి శరీరం వాళ్లు. బరువున్నవాళ్లకు మెత్తటి షూ అని షాపుల్లో వినిపించే మాట దీంతో పొసగదు. 2022లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 12 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 11,240 మంది వివరాలను ఒకచోట చేర్చి చూసింది. పాదం రకాన్ని బట్టి షూ రాసివ్వడం వల్ల గాయాలు తగ్గుతాయని చెప్పలేమన్నది ఆ సమీక్ష సారాంశం. షాపులో వీడియో తీసి చూపించే సేవ ఉచితమైతే సరదాగా చూసుకోవచ్చు, దాని మాట మీద నాలుగు వేలు ఎక్కువ పెట్టడం మాత్రం దండగ.

రెండో హామీ మొదటిదాని మీద విసుగుతో పుట్టింది. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్తకాళ్లతో గెలిచాడని అందరూ చెబుతారు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ తొడుక్కుని, అంతకన్నా మూడు నిమిషాలు తక్కువ సమయంలో మళ్లీ గెలిచాడన్నది చెప్పేవాళ్లు తక్కువ. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ పుస్తకం ‘బార్న్ టు రన్’ వచ్చింది. మెక్సికో కొండల్లోని తారాహుమారా జనం టైరు ముక్కలతో చేసిన చెప్పులేసుకుని వందల కిలోమీటర్లు పరిగెత్తుతారన్న సంగతి అమెరికన్లను ఊపేసింది. టైరు చెప్పులతో పొలాలకు పోయిన తెలుగు పల్లెల పెద్దవాళ్లకైతే అందులో వింతేమీ కనిపించేది కాదు. మరుసటి ఏడాది హార్వర్డ్ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్ ‘నేచర్’ పత్రికలో, ఉత్తకాళ్లతో పరిగెత్తే అలవాటున్నవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగంతో దిగుతారని, అందువల్ల నేల తాకగానే తగిలే కుదుపు తక్కువని చూపించాడు. గాయాలు తగ్గుతాయని ఆయన నిరూపించలేదు. మార్కెట్ అంతవరకు ఆగలేదు.

విబ్రామ్ కంపెనీ అయిదు వేళ్ల షూ విరగబడి అమ్ముడుపోయింది. 2013లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో మామూలు రన్నర్లు కొందరిని పది వారాలపాటు వాటికి అలవాటు చేసి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగింది. ఆరోగ్య ప్రయోజనాల గురించి రుజువులేని మాటలు చెప్పిందన్న దావాలో ఆ కంపెనీ 2014లో 37.5 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని బయటపడింది. లోలకం అటు చివరి నుంచి ఇటు చివరికి వచ్చేసింది. 2009లో ఫ్రాన్స్‌లో పుట్టిన హోకా అనే కంపెనీ పరుపంత మందం సోల్‌తో అప్పటికే అంగళ్లలోకి దిగింది. ఇప్పుడు ప్రతి బ్రాండుకూ అలాంటి మోడల్ ఒకటైనా ఉంది.

మూడో హామీ దగ్గర మాత్రం లెక్కలు తేలాయి. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చింది. పీబా అనే కొత్త ఫోమ్, దాని మధ్య వంపు తిరిగిన కార్బన్ పలక. కొలరాడో విశ్వవిద్యాలయంలో 18 మంది మంచి రన్నర్ల మీద నైకీ డబ్బుతోనే జరిగిన పరీక్షలో, అదే వేగానికి ఖర్చయ్యే శక్తి సగటున 4 శాతం తగ్గింది. తర్వాత ఇతర ప్రయోగశాలల్లోనూ లాభం కనబడింది. కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే 2019 అక్టోబరులో వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు కాళ్లకున్నవి ఆ వరస షూలే. మహత్యమంతా కార్బన్ పలకదే అనుకుంటారు కానీ, పరిశోధకులు ఆ పలకను రంపంతో అడ్డంగా కోసేసి పరీక్షిస్తే లాభం పెద్దగా తగ్గలేదు. అసలు పని ఫోమ్‌ది. షాపులో కార్బన్ అన్న మాట వినగానే ధర ఎందుకు పెరిగిందో అర్థమైపోయిందనుకునేవాళ్లు ఈ రంపం కోతను గుర్తుపెట్టుకోవాలి. చవకబారు ఫోమ్‌లో పలక పెట్టి అమ్మే జతలు ఇప్పుడు బోలెడు.

పోటీ ముదిరేసరికి నిబంధనలు వచ్చాయి. రోడ్డు పరుగుకు సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, ఒకటికి మించి పలక ఉండకూడదని అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ 2020 జనవరిలో తేల్చింది. 2021 వియన్నా మారథాన్‌లో మొదట గీత దాటిన ఇథియోపియా రన్నర్ డెరారా హురిసా షూ సోల్ 50 మిల్లీమీటర్లు ఉందని కాసేపటికే అనర్హుడిగా ప్రకటించారు. శిక్షణలో వాడే షూ పోటీకి వేసుకొచ్చాడు మరి. 2023 బెర్లిన్ మారథాన్‌లో ఇథియోపియా రన్నర్ టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లతో అప్పటి మహిళల ప్రపంచ రికార్డు పెట్టిన అడిడాస్ షూ ఒక్కోటి 138 గ్రాములు, జత 500 డాలర్లు, మన్నిక దాదాపు ఒక్క మారథాన్!

మరి మామూలు మనిషికి? గంటకు 12 కిలోమీటర్ల వేగంలో వేపర్‌ఫ్లై లాభం సగటున 1.4 శాతం, 10 కిలోమీటర్లకు దిగితే 0.9 శాతం. ఇది 2023లో వచ్చిన కొలత. మనిషికీ మనిషికీ తేడా కూడా ఎక్కువే, కొందరికి లాభం బదులు నష్టం వచ్చింది. గంటకు పది కిలోమీటర్లంటే పది కిలోమీటర్ల రేసును గంటలో ముగించడం. మన నగరాల్లో ఉదయాన్నే పరిగెత్తేవాళ్లలో చాలామంది ఆ వేగానికి అటూ ఇటూనే ఉంటారు.

తెలుగు నేల మీద వేగం నిజంగా జీవితాన్ని మార్చేది మారథాన్లలో కాదు, ఉద్యోగ నియామకాల్లో. తెలంగాణ పోలీసు 2022 నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాల్సి వచ్చింది. ‘ఈవెంట్స్’ అని పిలిచే ఈ దేహదారుఢ్య పరీక్షలు దగ్గరపడితే ఊరూరా జూనియర్ కాలేజీ గ్రౌండ్లు తెల్లారకముందే నిండిపోతాయి. 1600 మీటర్ల ఆ వేగం గంటకు సుమారు 13 కిలోమీటర్లు. ఖరీదైన కార్బన్ షూ అక్కడ మిగిల్చేది లెక్కకు మహా అయితే అయిదారు సెకన్లు. అదీ కాగితం మీద. నెలల తరబడి చేసిన సాధన మిగిల్చేది నిమిషాల్లో ఉంటుంది. ఆ కుర్రాళ్లను నిజంగా పడగొట్టేది ముంగాలి ఎముక వెంట వచ్చే నొప్పి, వాళ్ల భాషలో షిన్ పెయిన్. నోటిఫికేషన్ పడ్డాక ఒక్కసారిగా రోజూ పరిగెత్తడం దీనికి మూలం. ఇలాంటి విషయాన్నే డెన్మార్క్ పరిశోధకులు 2025లో అయిదు వేలకు పైగా రన్నర్ల లెక్కలతో తేల్చారు. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన దూరాన్ని ఏ ఒక్క రోజైనా 10 శాతానికి మించి దాటితే గాయం ముప్పు పెరుగుతుంది. ఏ షూ అయినా ఈ లెక్క తర్వాతే.

న్యూట్రల్, స్టెబిలిటీ లాంటి వర్గాలను పక్కనపెడితే షూను దేన్ని బట్టి ఎంచుకోవాలి? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు ఈ పనిలోనే గడిపిన బెన్నో నిగ్ చెప్పింది వినడానికి మరీ సాదాగా ఉంటుంది: కాలికి హాయిగా ఉన్నది తీసుకోండి. 2001లో ఆయన బృందం సైనికులకు ఆరు రకాల ఇన్‌సోల్స్ చూపించి ఎవరికి నచ్చింది వాళ్లను తీసుకోమంది. ఒక్కొక్కరు ఒక్కోటి ఎంచుకున్నారు. అలా ఎంచుకున్నవాళ్లకు, ఏమీ తీసుకోనివాళ్లకన్నా గాయాలు తగ్గాయి. ఇది అచ్చమైన నిరూపణ అనలేం కానీ, మిగతా సిద్ధాంతాలకన్నా దీనికి ఎదురుదెబ్బలు తక్కువ తగిలాయి.

హాయిగా ఉందో లేదో తెలియాలంటే షాపులో పావుగంట ఓపిక పట్టాలి. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, కాబట్టి అప్పుడు వెళ్లడం మేలు. పరుగుకు వాడే సాక్సే వేసుకెళ్లాలి. ముందు షూలోని ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పరిచి, దాని మీద నిలబడి చూడాలి. చిటికెన వేలో, బొటనవేలి పక్క ఎముకో అంచు దాటి బయటికి వస్తే ఆ మోడల్ ఆ కాలికి ఇరుకే, ఒక నంబరు పెంచినా ఇరుకే. తొడుక్కుని లేచి నిలబడ్డాక, అన్నిటికన్నా పొడవైన వేలికీ షూ కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అది లేకుండా ఫ్లైఓవర్ దిగువకు పరిగెత్తితే గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. మడమ జారుతుంటే నంబరు తగ్గించక్కర్లేదు. చీలమండ దగ్గర ఖాళీగా కనిపించే ఆఖరి కన్నం ఉన్నది అందుకే. రెండు వైపులా లేసును ఆ కన్నంలో చిన్న ఉచ్చులా పోసి, ఒకవైపు కొసను ఎదుటి ఉచ్చులోంచి లాగి బిగిస్తే మడమ కదలదు. రెండు కాళ్లూ సమానంగా ఉండవు, పెద్ద కాలికి సరిపోయిందే కొనాలి.

నంబర్ల గొడవ వేరే. పెట్టె మీద యూకే 8 అని ఉన్నా, నైకీ మగవాళ్ల షూలో అది 27 సెంటీమీటర్లు, అడిడాస్‌లో 26.5. నాలుక లోపల అంటించిన చీటీలో సెంటీమీటర్ల అంకె ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పోల్చుకోవాల్సింది దాన్ని. వెడల్పుది ఇంకా పెద్ద సమస్య. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతా లక్ష మందికి పైగా పాదాలను స్కాన్ చేసింది. యూరప్, అమెరికా వాళ్లకన్నా మన పాదం వెడల్పు అని తేలడంతో ‘భా’ పేరుతో దేశీ కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. చిన్నప్పటి నుంచి చెప్పులతోనో ఉత్తకాళ్లతోనో పెరిగి వేళ్లు విచ్చుకున్న పాదాన్ని సన్నటి అచ్చులో కుక్కడం వల్లే ఇక్కడ చాలామంది ఒక నంబరు పెద్దది కొని మడమ దగ్గర అవస్థ పడుతుంటారు. బ్రూక్స్, న్యూ బ్యాలెన్స్, అసిక్స్ కంపెనీలు 2ఈ, 4ఈ అనే వెడల్పు రకాలు తయారుచేస్తాయి. మన షాపుల్లో అవి అరుదు, అడిగి తెప్పించుకోవాలి.

ధరల విషయానికొస్తే, నాలుగు వేల నుంచి ఎనిమిది వేల మధ్య దొరికే మామూలు శిక్షణ షూ చాలామందికి సరిపోతుంది. అంతకు పైన పెట్టే ప్రతి వెయ్యీ బరువు తగ్గించడానికో పేరుకో పోతుంది. ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగితే పరుగుకయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందన్నది పాత, నమ్మదగిన లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు జతలకు జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18 శాతం. ఆ గీత కిందే డెకాథ్లాన్ మొదటి మెట్టు మోడళ్లు, దేశీ కంపెనీల జతలు ఉన్నాయి. పంజాబ్‌లోని మలేర్‌కోట్లాలో తయారయ్యే సెగా షూ సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లలో బాగా తిరుగుతుంది. పలచటి సోల్, చవక ధర, వెడల్పు ముందు భాగం. వాళ్ల ఎంపిక తప్పు అనడానికి ఏ అధ్యయనమూ లేదు. అస్సాం స్ప్రింటర్ హిమా దాస్ తొలి రోజుల్లో నాన్న కొనిచ్చిన మామూలు స్పైక్స్ మీద తన చేత్తోనే అడిడాస్ అని రాసుకుందట. తర్వాత అదే కంపెనీ ఆమె పేరు ముద్రించిన షూ చేసిచ్చింది.  

పన్నెండు వేల జత ఒకటి కొనే బదులు ఆరు వేల జతలు రెండు కొని మార్చి మార్చి తొడగడం తెలివైన ఖర్చు. లక్సెంబర్గ్ బృందమే 264 మందిని 22 వారాలు గమనించి, ఒకటికి మించి జతలు వాడేవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువని చెప్పింది. మన వాతావరణంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. జూన్ నుంచి అక్టోబరు దాకా తడిసిన షూ ఒక్క రాత్రిలో ఆరదు. ఇన్‌సోల్ తీసేసి, లోపల పాత దినపత్రికలు ఉండలుగా కూరి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద పెట్టాలి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. 500 నుంచి 800 కిలోమీటర్ల తర్వాత మార్చాలన్నది స్థూలమైన అంచనా మాత్రమే. సోల్ ఒకవైపు అరిగి, నిలబెడితే షూ పక్కకు ఒరుగుతోందంటే గడువు తీరినట్టే. పాలీయూరిథేన్ సోల్ ఉన్న జతను పండక్కని పెట్టెలో దాచినా లాభం లేదు. గాలిలోని తేమకే ఆ సోల్ లోలోపల విడిపోయి, కొన్నేళ్ల తర్వాత తొడుక్కున్న రోజున పొడిపొడిగా రాలిపోతుంది.

షూ తర్వాత డబ్బు పెట్టదగ్గది సాక్స్ మీద. నూలు సాక్స్ చెమటను పీల్చి వదలవు, తడి బట్ట చర్మాన్ని రుద్ది బొబ్బలు తెస్తుంది. పాలిస్టర్, నైలాన్ కలిసినవి మూడు జతలు కొన్నా వెయ్యి రూపాయల లోపే అవుతుంది. చొక్కాకూ అదే సూత్రం. ఏటా ఆగస్టు ఆఖర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఉక్కపోతకు ఫ్లైఓవర్ల ఎక్కుదిగుళ్లు తోడవుతాయి. నూలు టీషర్టు వేసుకున్న మగవాళ్లు ముగింపు దగ్గర ఛాతీ మీద రెండు నెత్తుటి చారలతో కనిపించడం వింతేం కాదు. ముందుగా కాస్త వాజలీన్ రాసుకున్నా, చిన్న టేపు అంటించుకున్నా ఆ బాధ ఉండదు. తొడల లోపల, చంకల కింద కూడా అంతే.

ఆడవాళ్లకు షూతో సమానమైన సామగ్రి స్పోర్ట్స్ బ్రా. దాని గురించి మన షాపుల్లో అడగడానికీ చెప్పడానికీ ఇంకా మొహమాటమే. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో ముగ్గురు మహిళలు, మగ ఆటగాళ్ల లంగోటా లాంటి రెండు లోదుస్తులను కలిపి కుట్టి తొలి నమూనా చేశారు.  ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ మొదలైంది ఆ తర్వాత ఏడేళ్లకు. కొనేటప్పుడు షాపులోనే తొడుక్కుని గెంతి చూసి, రెండు వేళ్లకు మించి పట్టీ కింద దూరనిది తీసుకోవాలి. ఏడాదికి సాగే గుణం పోతుంది, మార్చక తప్పదు. చీకట్లో రోడ్డెక్కే ఎవరికైనా మెరిసే పట్టీల జాకెట్టు అవసరం. మూడు వందల రూపాయల ఆ వస్తువు, వాహనాలు ఎదురుగా వచ్చే వైపున పరిగెత్తడం, రెండూ కలిస్తే ఏ కార్బన్ పలకా ఇవ్వలేని రక్షణ ఉంటుంది. పిక్కలకు తొడిగే బిగుతు గొట్టాలు వేగం పెంచుతాయన్న ప్రచారానికి బలం తక్కువ. హాయిగా అనిపిస్తే వేసుకోవచ్చు.

చివరగా గడియారం. మణికట్టు మీది ఆకుపచ్చ కాంతి గుండె లయను కొలిచే తీరు మామూలు పరుగులో ఫర్వాలేదు, వేగం హెచ్చుతగ్గులు చేసినప్పుడు తడబడుతుంది. ఛాతీ పట్టీ ఇంకా నమ్మకమైనది. దూరం కొలవడంలో జీపీఎస్ పొడవాటి భవనాల మధ్య, ఫ్లైఓవర్ల కింద దారి తప్పుతుంది. మారథాన్ పూర్తిచేసిన రోజు సాయంత్రం వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే తగువు అదే: నిర్వాహకులు 42.195 అన్నారు, నా వాచీ 42.7 చూపించింది, ఎక్కువ పరిగెత్తించారు! ధ్రువీకరించిన మార్గాన్ని సైకిలు చక్రానికి బిగించిన కౌంటర్‌తో, మలుపుల లోపలి అంచు వెంట, వీలైనంత దగ్గరి దారిలో కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. వేల మంది మధ్య పక్కకు తప్పుకుంటూ, నీళ్ల బల్ల కోసం రోడ్డు అటు చివరికి పోయి వచ్చిన రన్నర్ కాళ్లు ఆ అర కిలోమీటరులో కొంతైనా నిజంగానే పరిగెత్తి ఉంటాయి. మిగతాది వాచీ పొరపాటు.